శంఖవంక ఆసవం

మణికందర రాజధానిలో ఆ ఉదయం రాజసభ కిటకిటలాడిపోయింది. నూరు స్తంభాల ఆ మండపానికి నేలంతా చలువరాయి పరిచారు. కప్పు నిండా బంగారు రేకుల ద్రాక్షతీగలు పాకి ఉంటాయి. వాటినుంచి కెంపులూ పచ్చలూ గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. తూర్పు గవాక్షాల్లోంచి ఎండ పడగానే ఆ గుత్తుల రంగులు సభికుల తలపాగాల మీదా భుజాల మీదా గడ్డాల మీదా చిందిపడ్డాయి. ఆ వింతను చూడ్డానికే పొరుగుదేశాలనుంచి జనం వస్తారు. ఆ రోజు మాత్రం ఎవ్వరూ తల ఎత్తి కప్పు వైపు చూడలేదు. అందరి కళ్ళూ సింహాసనం ఎదుట నిలబెట్టిన రెండు మట్టికూజాల మీదే ఉన్నాయి.

ఆ కూజాలు ఒకప్పుడు మనుషులు.

పద్దెనిమిది నెలల కిందట యువరాజు వసంతకేతు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. వారం తిరక్కుండానే కరాళదంష్ట్రుడనే మాంత్రికుడి దగ్గరనుంచి కబురు వచ్చింది. "నీ కొడుకు నా ద్రాక్షతోటలో కూలి చేస్తున్నాడు, భద్రకీర్తి మహారాజా! ఆర్నెల్లకొకసారి ఆ తోట ఆసవం ఒక కూజాడు పంపుతాను. అది ఏ నేలలో పండిందో వాసన చూసి, రుచి చూసి చెప్పగలవాడు నీ రాజ్యంలో ఉంటే చెప్పమను. చెప్పగలిగితే నీ కొడుకు ఎక్కడున్నాడో నీకు తెలుస్తుంది. తప్పు చెప్పినవాడు కూజా అయిపోతాడు. మూడుసార్లూ తప్పితే నీ సింహాసనం నాది."

మొదటిసారి వచ్చినవాడు తప్పు చెప్పాడు. రెండోవాడూ తప్పు చెప్పాడు. ఈ రోజు మూడోసారి.

"తామ్రద్వీపపు వర్తకుడు, రసపరీక్షకుడు, మకరందుడు!" అని ద్వారపాలకుడు కేకవేశాడు.

సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక వర్తకుడు లోపలికి వచ్చాడు. నీలిపట్టు అంగీ, చెవులదాకా దిగిన పెద్ద తలపాగా, కొనలు మెలితిప్పిన మీసం. ఆ మీసం మేక వెంట్రుకలతో చేసింది. తలపాగా కింద మూరెడు జడ చుట్టి ఉంది. ఆ వర్తకుడి అసలు పేరు పాటల. ఆమెది నీలశిల లోయ. పలకరాతి నేలలో తెల్లద్రాక్ష పండించి ఆసవం తీయడంలో ఆ లోయవాళ్ళను మించినవాళ్ళు లేరు. అది తెలిసే కరాళదంష్ట్రుడు ముందుగా ఆ లోయ తోటలన్నీ తగలబెట్టించాడు. లోయవాళ్ళు కనిపిస్తే పట్టి చంపమని తన భటులను నాలుగు దిక్కులా వదిలాడు. ఇరవై రెండేళ్ళ పాటల ఏడాదిన్నరగా ఊరూరా దాక్కుంటూ తిరిగి, చివరికి ఓడరేవులో ఒక వర్తకుడి బట్టలు సంపాదించి, ఈ సభలో అడుగుపెట్టింది.

రాచపానశాలకు పెద్ద గోమేదుడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయన బానపొట్టతో, పలచని గడ్డంతో, అనుమానమే మనిషైనట్టు ఉంటాడు.

"ఇద్దరు మంచివాళ్ళు కూజాలై కూచున్నారు బాబూ. మూడోవాణ్ణి ఊరికే పంపను. ముందు మా మూడు పాత్రలు రుచి చూడు. ఒక్కటి తప్పినా వచ్చిన దారినే వెళ్ళు. నీ ప్రాణం దక్కిందనుకుంటాను."

"అలాగేనండీ" అంది పాటల గొంతు బొంగురు చేసి. "ఒక తెల్లగుడ్డ, ఒక తమ్మపడిగ ఇప్పించండి."

మొదటి గాజుపాత్రను తెల్లగుడ్డ ముందు పట్టుకుని ఒరగబెట్టి చూసింది. ఎండుగడ్డి రంగు. పాత్రను మెల్లగా గుండ్రంగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. గుక్కెడు నోట్లో పోసుకుని, పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి సుర్రున లాగి, నాలుక అంతటా తిప్పి, తమ్మపడిగలో ఉమ్మేసింది. రాచ ఆసవం ఉమ్మేసినందుకు సభలో గుసగుసలు లేచాయి.

"లవణపురం" అంది. "సముద్రపు గాలి తగిలే ఇసుక తోట. చివర్లో ఉప్పదనం తెలుస్తోంది. కాని వానపడ్డ మర్నాడే గుత్తులు కోసినట్టున్నారు. పండులో నీరు చేరి రసం పలచబడింది."

రెండో పాత్రలో ఆసవం చిక్కటి ఎరుపు. "కుంకుమమిట్ట ఎర్రనేల. నేరేడుపండు వాసన, వెనకాల మిరియం ఘాటు. వగరు ఇంకా చల్లారలేదు. మరో మూడేళ్ళు పాతరలో ఉంచి తెరవాల్సింది. ఎవరో తొందరపడ్డారు."

గోమేదుడు గొంతు సవరించుకున్నాడు. తొందరపడినవాడు ఆయనే.

మూడో పాత్ర దగ్గర పాటల రెండుసార్లు వాసన చూసింది. గుక్కెడు తాగి, ఉమ్మి, మళ్ళీ ఇంకో గుక్కెడు తాగింది. "ఇది ఒక ఊరిది కాదండీ. ఇందులో మంచుకోట ద్రాక్ష ఉంది. అక్కడ గుత్తి తీగ మీదే గడ్డకట్టాక కోసి పిండుతారు. ఒక్కో పండులో ఒక్కో తేనెబొట్టు తప్ప ఏమీ రాదు. దాంట్లో ఎవరో మీ రాచతోట పల్చరసం కలిపారు. మంచుకోటవాళ్ళు వింటే ఏడుస్తారు."

సభ ఘొల్లుమని నవ్వింది. ఏడాదిన్నర తర్వాత ఆ మండపంలో వినిపించిన మొదటి నవ్వు అదే.

"కలిపింది నేనే బాబూ, పరీక్షకోసం" అని గోమేదుడు చేతులు జోడించాడు. "మహారాజా, ఈయన నాలుకను నమ్మొచ్చు."

అంతలో కప్పు మీది పచ్చలూ కెంపులూ గలగలలాడాయి. రెండు రెక్కలతో ఆకాశాన్ని కప్పేస్తూ ఒక గండభేరుండం ముంగిట్లో దిగింది. ఏనుగంత ఒళ్ళు, రెండు తలలు. ఎడమ తల పొగరుగా చూస్తోంది, కుడి తల చిరాగ్గా చూస్తోంది. దాని మెడల మధ్యనుంచి కరాళదంష్ట్రుడి శిష్యురాలు ధూమ్రిక దిగింది. బూడిదరంగు చీర, మోకాళ్ళదాకా వేలాడే జడలు, పెదవుల మీద తియ్యటి నవ్వు. ఒక చేతిలో మైనంతో మూతిబిగించిన కూజా, మరో చేతిలో తమలపాకుల పళ్ళెం.

"ఇదేనా ఈసారి బలిపశువు?" అంది పాటలను చూసి. "రా నాయనా, ముందు తాంబూలం పుచ్చుకో. మా గురువుగారి మర్యాద ఇది. కాదన్నావంటే పందేనికి నీళ్ళొదిలినట్టే."

కాదనడానికి వీల్లేదు. పాటల ఒక తమలపాకు చిలక తీసుకుని నమిలింది. నమిలిన మరుక్షణమే నాలుక మీద చల్లగా ఏదో పాకింది. చివరనుంచి మొదలుదాకా నాలుక చెక్కముక్కలా మొద్దుబారిపోయింది. వక్క చేదు తెలియలేదు. సున్నం మంట తెలియలేదు. ధూమ్రిక నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. సభలో ఇంకెవరికీ ఏమీ తెలియలేదు.

"గిన్నె వెయ్యండి!" అని ధూమ్రిక అరిచింది.

నీటితొట్టిలో అడుగున చిల్లు ఉన్న రాగిగిన్నె తేలేశారు. అది నిండి మునిగేలోగా పేరు చెప్పాలి. చిల్లులోంచి నీరు బుడబుడమని లోపలికి ఎక్కసాగింది.

పాటల గిన్నె వైపు ఒకసారి చూసింది. వెంటనే అవ్వ మాట తలపుకొచ్చింది. నాలుకకు తెలిసేది గోరంతేనని, మిగతాదంతా ముక్కు చేసే పనేనని అవ్వ చిన్నప్పుడు ముక్కుమూసి జామపండు తినిపించి మరీ చూపించింది. ఆమె పాత్రలో ఆసవం పోయించుకుని వెలుగులో పట్టుకుంది.

లేత బంగారు రంగు. అంచున పచ్చటి మెరుపు. గాజు గోడకు ఆవగింజంత బుడగలు అంటుకుని ఉన్నాయి. "ఇది కొత్త ఆసవం" అంది గట్టిగా, మొద్దు నాలుకతో మాటలు కూడదీసుకుంటూ. "పిండి ఏడాది కాలేదు. ఇంకా ఊపిరి తీస్తోంది."

ముక్కు దగ్గర పెట్టుకుంది. నిమ్మతొక్క, పచ్చి ఆపిలు, సంపంగి. వాటి కింద తొలకరి చినుకు పడ్డ పలకరాయి వాసన. ఆ వాసనకు ఆమె కళ్ళు చెమర్చాయి. అది పుట్టింటి వాసన.

"పలకరాతి నేల. తెల్లద్రాక్ష."

గుక్కెడు నోట్లో పోసుకుంది. రుచి ఏమీ తెలియలేదు. కాని రెండు దవడల కిందా నీళ్ళు జలజలా ఊరాయి. పులుపు నాలుకకు తెలియకపోయినా దవడలకు తెలిసింది. ఉమ్మేసి, "పులుపు కత్తిలా ఉంది. పగలెంత ఎండైనా రాత్రి బాగా చలివేసే చోటు. కొండవాలు" అంది.

గిన్నె సగం నిండింది.

"పలకరాతి కొండలు మూడని పెద్దలు చెప్తారు మహారాజా. నీలశిల తగలబడిపోయింది, అక్కడ ఏడాదిన్నరగా గుత్తి లేదు. ఇక మిగిలినవాటిలో ఒకటి కురువగిరి..."

"చెప్పేసెయ్ మరి, కురువగిరేనని!" అంది ధూమ్రిక తీయగా. ఇంతకుముందు ఇద్దరూ కూజాలైంది ఆ మాట చెప్పే.

పాటల చెప్పలేదు. నాలుగు చుక్కలు మణికట్టు మీద వేసుకుని, అరచేత్తో రుద్ది, ఒంటి వేడికి ఆరనిచ్చి వాసన చూసింది. పూలవాసన ఎగిరిపోయింది. అడుగున దాగినది పైకి తేలింది. కాగడాలు తడిపే రాతినూనె వాసన!

ఆమె మళ్ళీ మణికట్టు వాసన చూసింది. ఆ వాసన పలకరాతి ఆసవానికి పదేళ్ళు పాతరలో నిలవుంటే గాని రాదు. ఏడాది నిండని ఆసవానికి పదేళ్ళ వాసన ఎలా వచ్చింది? ఒక్కటే దారి. గుత్తి తీగమీద ఉండగానే విపరీతమైన ఎండ తాగి ఉండాలి. కురువగిరి తోటలు ఉత్తరపు వాలులో ఉన్నాయి, అక్కడ మధ్యాహ్నం దాటితే నీడే. మరి ఇంత ఎండ ఎక్కడిది? పైనుంచి సూర్యుడు ఒకసారి, కిందనుంచి నీళ్ళలో మెరిసే సూర్యుడు ఇంకోసారి! మూడువైపులా నీళ్ళున్న దక్షిణపు వాలు! అవ్వ కథల్లోని మూడో కొండ!

గిన్నె అంచులదాకా నిండి ఒక పక్కకు ఒరిగింది.

"శంఖవంక!" అని పాటల అరిచింది. "శ్వేతవేణి నది శంఖంలా మెలితిరిగే చోట, నదికి ఎదురుగా నిలబడ్డ పలకకొండ!"

గిన్నె బుడుంగున మునిగింది.

సభికులంతా మునిగిన గిన్నె వైపు మెడలు చాపారు. "శంఖవంక దగ్గర కొండెక్కడుందయ్యా? పడవవాళ్ళు ఉత్త పచ్చికబయలే అంటారే!" అని గోమేదుడు గొణిగాడు. ఆ మాట పూర్తి కాకుండానే రెండు మట్టికూజాలూ ఫెళఫెళ పగిలాయి. పెంకుల్లోంచి ఇద్దరు మనుషులు తుమ్ముకుంటూ లేచి నిలబడి, తమ కాళ్ళూ చేతులూ తడిమి చూసుకున్నారు. భద్రకీర్తి మహారాజు సింహాసనం దిగి వచ్చి వాళ్ళిద్దరినీ ఒక్కసారే కావలించుకున్నాడు.

ధూమ్రిక ముఖంలో నవ్వు ఆరిపోయింది. "కొండ ఉంది. మీ కళ్ళకు కనపడదంతే. పేరు చెప్పావు, సరే! అక్కడికి నాలుగు రోజుల దారి. ఇవాళ పొద్దు వాలకముందే మా గురువుగారు ఆ కొండను పెళ్ళగించి ఇంకో దేశంలో పెట్టుకుంటారు. మీరు వెళ్ళి పచ్చిక మేయండి!" అని గండభేరుండం మీదికి దూకింది.

పాటల ఆసవపు కూజా చంకన పెట్టుకుని పరుగెత్తింది. పక్షి కాళ్ళు నేలను వదలబోతుండగా ఎగిరి ఎడమ కాలిని గట్టిగా పట్టుకుంది. గాలికి తలపాగా ఊడి జారిపోయింది. జడ విప్పుకుని ఎగిరింది. మేకవెంట్రుకల మీసం గోమేదుడి ముందు రాలిపడింది.

"అయ్యో అయ్యో, ఆడపిల్ల!" అని ఆయన గుండెలు బాదుకున్నాడు.

"మహారాజా, సేనను శంఖవంకకు నడిపించండి!" అన్న కేక ఆకాశంలోంచి వినిపించింది.

రాజధాని గోపురాలు చదరంగపు కాయల్లా చిన్నవైపోయాయి. లవణపురం తీరం వెండి అంచులా మెరిసి వెనక్కి పోయింది. కుంకుమమిట్ట ఎర్రగా, కురువగిరి నల్లగా, వాటి మధ్య కాలిన నీలశిల లోయ ఒక బూడిద మచ్చలా కనిపించింది. ఆ మచ్చ అంచున మాత్రం సన్నగా పచ్చదనం మొలకెత్తి ఉంది. కాలిన మోళ్ళు చిగురిస్తున్నాయి! పాటలకు చేతుల్లో బలం రెట్టింపైంది.

ధూమ్రిక కిందికి వంగి కొరడా ఝళిపించింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది ముంజేతిని చీల్చింది. "వదులు పిల్లా, వదులు! నీ ఎముకలు ఏరుకోడానికి కూడా ఎవరూ రారు!"

పక్షి ఎడమ తల ఇదేం గొడవో చూద్దామని కిందికి వంగి ముక్కు తెరిచింది. పాటల ఆ తెరిచిన నోట్లో కూజా మొత్తం గుమ్మరించింది.

ఎడమ తల గుటకలు మింగింది. కళ్ళు తేలేసింది. తర్వాత ఆనందంగా ఒక కూత కూసి కుడి తలకు ముద్దు పెట్టబోయింది. కుడి తల చీదరించుకుని దాన్ని పొడిచింది. ఒక తల తూర్పుకు పోదామంటుంది, ఒక తల పడమరకు. ఒళ్ళు ఒకటే కావడంతో గండభేరుండం బొంగరంలా గిర్రున తిరగసాగింది. "నిలబడవే, పాడుపక్షీ!" అని అరుస్తూ ధూమ్రిక దాని మెడలను కావలించుకుంది. కింద వెండి శంఖంలా మెలితిరిగిన నది కనిపించగానే పాటల చేతులు వదిలేసింది.

దభేలున నీళ్ళలో పడి, అడుగుదాకా మునిగి, రెండు గుక్కలు మింగి పైకి తేలింది. చల్లటి నీటికి నాలుక మీది మొద్దుతనం మంచులా కరిగిపోయింది. నీటిలో పలకరాయి రుచి! గండభేరుండం మబ్బుల్లో ఊగుతూ ఎటో కొట్టుకుపోయింది.

ఒడ్డెక్కి చూస్తే పడవవాళ్ళు చెప్పినట్టు ఉత్త పచ్చికబయలు. కొండ లేదు. కాని గాలిలో పూతకొచ్చిన ద్రాక్ష వాసన ఉంది, ఎండకు కాగిన రాతి వాసన ఉంది. మాంత్రికుడు కళ్ళకు గంతలు కట్టగలిగాడు గాని ముక్కును మరిచిపోయాడు. పాటల కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు చాపి, వాసన వచ్చినవైపు నడిచింది. పదడుగుల్లో కాలికింద పలక టకీమంది. ఇంకో పదడుగుల్లో నేల నిటారుగా లేచింది. చేతులూ కాళ్ళూ ఆనించి, గోళ్ళు విరిగేదాకా పాకి పాకి ఎక్కింది. ముంజేతికి ఏదో ఆకు తగిలినప్పుడు కళ్ళు తెరిచింది.

ఎదురుగా, మెట్లు మెట్లుగా, ఆకాశందాకా ద్రాక్షతోట! నీలిపలకల గోడలమధ్య వరసలు తీరిన తీగలు. కింద మూడువైపులా నది కరిగించిన బంగారంలా వెలుగుతోంది. ఆ వెలుగు ఆకుల అడుగుభాగాల మీద అలలు అలలుగా ఆడుతోంది. గుట్ట నెత్తిన నల్లరాతి కోట.

దగ్గరలోని వరసలో చినిగిన పట్టుబట్టలతో ఒక యువకుడు ఆకులు తుంచుతున్నాడు. అతడి కుడి చీలమండకు పాములాంటి ఒక నులితీగ చుట్టుకుని ఉంది.

"యువరాజా! వసంతకేతు ప్రభూ!"

అతడు ఉలిక్కిపడి తిరిగాడు. "నిజం మనిషివేనా? లేక ఇదీ ఆ ముసలాడి మాయా?"

"నీలశిల లోయ పాటలనండీ. మీ ఆసవం వాసన పట్టుకుని వచ్చాను."

యువరాజు ముఖం వికసించింది. "ఎలా ఉంది? నిజం చెప్పు!"

ఇంత ఆపదలో ఈ ప్రశ్నేమిటని పాటలకు నవ్వొచ్చింది. "బాగుందండీ. పులుపూ పరిమళమూ సరిగ్గా కుదిరాయి. కాని గుత్తుల దగ్గర ఆకులు మరీ తుంచేశారు. ఎండ ఎక్కువై రాతినూనె వాసన ముందే వచ్చేసింది."

"కావాలనే తుంచాను" అన్నాడు వసంతకేతు మెల్లగా. "మొదటి రెండు కూజాలూ ఉత్తినే పోయాయి. ఈసారి ఎండ ఎక్కువ తాగిస్తే, తెలిసినవాళ్ళు ఒక్కరన్నా ఈ ఎండ ఎక్కడిదా అని ఆలోచిస్తారనుకున్నాను. ఇంకెలా ఉత్తరం రాయను?"

పాటల నులితీగ వైపు వంగి చూసింది. తర్వాత చీలమండ దగ్గర కూచుంది.

"కత్తి దండగ" అన్నాడు అతడు. "నూరుసార్లు కోశాను. కోసినప్పుడల్లా రెండింతలై చుట్టుకుంటుంది."

"తీగను కొయ్యకూడదు యువరాజా, దానికి ఊత చూపించాలి." ఆమె పక్కనున్న పందిరి గుంజను పెరికి చీలమండకు ఆనించింది. నులితీగ కొనను వేలితో నిమిరింది. కొన తడుముకుంది. గరుకు గరుకైన గుంజ తగలగానే దానికి మహా ఇష్టమైనట్టుంది. మెల్లగా ఒక మెలిక విప్పి గుంజకు వేసుకుంది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. చూస్తుండగానే తీగంతా గుంజమీదికి పాకి పైకెక్కి ఆకులు వేసింది.

పద్దెనిమిది నెలల తర్వాత వసంతకేతు తనకు తోచినవైపు ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. గట్టిగా నవ్వబోయి నోరు మూసుకున్నాడు.

ఆలస్యమైపోయింది. కోట తలుపులు ఫెటేల్మని తెరుచుకున్నాయి. తాటిచెట్టంత మనిషి బయటికి వచ్చాడు. మెడలో కపాలమాల, గడ్డంలోంచి పొడుచుకొచ్చిన రెండు కోరలు, చేతిలో పొగలు కక్కే దండం.

"ఎవత్తివే నువ్వు? నా తోటలో నీలశిల కంపు కొడుతోంది!" అని కరాళదంష్ట్రుడు గర్జించాడు. దండం విసిరి నేల మీద కొట్టాడు. కొండ వేళ్ళతో సహా కదిలినట్టు ఊగింది. పలకలు జారిపోతున్నాయి. కొండను పెళ్ళగించడం మొదలైంది!

"తొట్టి!" అంది పాటల.

గోడ పక్కన ద్రాక్ష తొక్కే పెద్ద చెక్కతొట్టి ఉంది. నలుగురు మనుషులు పట్టేంత వెడల్పు. ఇద్దరూ దాన్ని తోసి, అందులోకి దూకారు. తొట్టి పలకల మీద జర్రున జారింది. ఒక గోడ దాటింది, రెండో గోడ దాటింది. తీగలు ముఖాలకు కొట్టుకుంటున్నాయి. వెనకనుంచి వచ్చిన నిప్పుగోళం ఒకటి తలల మీదుగా పోయి నదిలో చుయ్యిమంది. మూడో గోడ మీదినుంచి తొట్టి గాలిలోకి లేచి, ఆసాంతం ఒక పల్టీ కొట్టబోయి మానుకుని, నీళ్ళలో బోర్లాపడకుండా నిలబడింది.

ప్రవాహం వాళ్ళను ఎత్తుకుంది. వంక మలుపు తిరిగితే చాలు, ఆవల మణికందరపు పొలిమేర.

"నాకు ఈత రాదు" అన్నాడు వసంతకేతు అంచు పట్టుకుని.

"ముందే చెప్పొద్దూ!"

"ముందే చెప్తే దూకనిచ్చేదానివా?"

పాటల నవ్వి తెడ్డులా ఒక చెక్క అందుకుంది. రెండు తోపులు తోసింది. మూడో తోపుకు తొట్టి ఆగిపోయింది. ఆగి, వణికి, మెల్లగా వెనక్కి కదిలింది.

ఇద్దరూ తిరిగి చూశారు. ఊగుతున్న కొండ మీద కరాళదంష్ట్రుడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నది మొత్తం వెనక్కి నడుస్తోంది. అలలు కొండవైపు ఎదురెక్కుతున్నాయి. చేపలు తలకిందులై గిలగిలలాడుతున్నాయి. తొట్టి క్షణక్షణానికీ వేగం పుంజుకుని మాంత్రికుడి కాళ్ళ దగ్గరికే పోతోంది.

"అయిపోయింది" అన్నాడు యువరాజు.

పాటల మాత్రం వెనక్కి చూడ్డం మానేసి ముందుకు చూసింది. నీళ్ళన్నీ కొండ దగ్గరికి పోతుంటే ముందున్న మలుపులో ఏం మిగులుతుంది? ఇసుక తేలుతోంది! తడి ఇసుక, నున్నటి గులకరాళ్ళు, ఎవరూ ఎన్నడూ చూడని నది అడుగు, రెండు గట్ల మధ్య రాచబాటలా పరుచుకుని, మణికందరందాకా!

"మీకు ఈత రాదు సరే. పరుగు వచ్చా?"

"పద్దెనిమిది నెలల పరుగు బాకీ ఉంది!"

"అయితే దూకండి!"

మోకాలిలోతు నీళ్ళలో దూకి, నాలుగడుగులు ఎదురీదినట్టు నడిచి, తడి ఇసుక మీద పడ్డారు. లేచి, చేతులు పట్టుకుని పరుగెత్తారు. దూరంగా, మలుపు ఆవల గట్టు మీద, పొలిమేర కావలివాళ్ళ భేరి మోగినట్టనిపించింది. వెనక కొండంత ఎత్తున నీళ్ళు గోడ కట్టి లేస్తున్నాయి. వాళ్ళు ఏం చేస్తున్నారో కరాళదంష్ట్రుడు చూసేశాడు. అతడు చాపిన చేతులు దించితే చాలు, ఆ గోడ మొత్తం వాళ్ళ వెనకే విరుచుకుపడుతుంది.

అతడు చేతులు దించాడు.

"వెనక్కి చూడకండి!" అని పాటల అరిచింది. ఎండలో మెరుస్తున్న ఆ కొత్త దారి మీద ఇద్దరూ పాదాలు నేలకు ఆనీ ఆనకుండా మలుపు తిరిగి, నీళ్ళు అందేలోగా మణికందరపు గట్టెక్కారు.